నీళ్ళ అడుగున నిలబడ్డ జనం

"నవ్వితే నవ్వండి, నేను మాత్రం ఉన్నదున్నట్టే చెప్తాను. దీవికెళ్ళినవాళ్ళు ఏం చేస్తారు? అద్దాల పడవెక్కి చేపల్ని చూస్తారు, కొబ్బరిబోండం తాగి, ఫోటో దిగి వచ్చేస్తారు. నేనలా వస్తానా? ముఖానికి అద్దం తగిలించుకుని, గొట్టం నోట కరుచుకుని దూకేశా. నడుంలోతే అనుకోండి, మొదట."

దర్జీ కొట్టు అరుగు మీద బస్సు డ్రైవరు అందుకున్నాడు. బయట వాన, కదిలే దారి లేదు. సెలూన్ బాబాయ్, టీకొట్టు అత్తయ్య చెవులప్పగించారు. లోపల దర్జీ మిషను తొక్కుతూనే ఉన్నాడు.

"ఊపిరి ఎంతసేపు పట్టావేంటి?" అన్నాడు బాబాయ్.

"అరగంట. వాచీ ఆగిపోయింది గానీ, లేకపోతే గంటని చెప్పేవాణ్ణి. రంగురంగుల చేపలు నా వెనక వరస కట్టాయి, ఒక్కటి ఓవర్‌టేక్ చేస్తే ఒట్టు! తాబేలొకటి అడ్డమొచ్చి, నా ముఖం చూసి పక్కకి తప్పుకుంది. పగడాల గుట్టలు దాటా. అక్కడ నీళ్ళు ఉన్నట్టుండి చల్లబడ్డాయి. చేపలన్నీ వెనక్కి తిరిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సొరచేపా?" అంది అత్తయ్య.

"సొరచేపైతే చంకలో పెట్టుకొచ్చేవాణ్ణి. మనుషులత్తయ్యా! అడుగున ఇసుకలో, వరసగా నిలబడి ఉన్నారు. జుట్టు పైకి లేచి నాచులా ఊగుతోంది. నోట్లోంచి ఒక్క బుడగ రాదు. స్టాపులో జనంలాగా అందరూ ఒకే వైపు చూస్తున్నారు. ముందున్న ముసలాయన నా మోచెయ్యి పట్టుకుని అడిగాడు, 'ఈ బండి ఊళ్ళోకి పోతుందా?' అని."

ఎవరూ నవ్వలేదు.

"పోతుందన్నా. డ్రైవరన్నవాడు కాదంటాడా? నలభైమంది ఒకరి నడుం ఒకరు పట్టుకున్నారు. ఈదుకుంటూ లాక్కొచ్చా! ఒడ్డెక్కి తిరిగి చూస్తే ఒక్కడూ లేడు. తడి అడుగులు మాత్రం ఇసుకలో నా కళ్ళముందే ఒక్కొక్కటీ పడుతూ, నన్ను దాటుకుని పోతున్నాయి. ఊళ్ళోకెళ్ళి, గడపకొక జత చొప్పున ఆగాయి."

మిషను ఆగింది.

"వాళ్ళలో మా తమ్ముడున్నాడా?" అన్నాడు దర్జీ.

తమ్ముడు చేపలవేటకి వెళ్ళిన పడవ తిరిగిరాక మూడేళ్ళు. అది అందరికీ తెలిసిందే, కథ ఊపులో డ్రైవరు మరిచిపోయాడంతే. అత్తయ్య వద్దన్నట్టు తలూపింది. కానీ దర్జీ ముఖం చూశాక, లేడనడానికి డ్రైవరుకి నోరు రాలేదు.

"ఉన్నాడన్నా."

"ఏం చొక్కా వేసుకున్నాడు?"

"నీలం... నీలం గళ్ళది."

దర్జీ మేకుకి వేలాడుతున్న తెల్లచొక్కా తీశాడు. "వెళ్ళేరోజు బొత్తాం కుట్టమని విప్పి ఇచ్చాడు. ఒంటిమీద చొక్కా లేకుండానే పడవెక్కాడు."

డ్రైవరు తల దించుకున్నాడు. "నేను పడవే దిగలేదన్నా. కడుపులో తిప్పేసి, బకెట్ పట్టుకుని కూర్చున్నా. నాకు ఈతే రాదు. తప్పయిపోయింది."

"ఈత రాదని నాకు తెలుసులే." దర్జీ అరుగు మీదికొచ్చి, చొక్కా ఒళ్ళో పెట్టుకుని అతని పక్కనే కూర్చున్నాడు. "గడపల దాకా వచ్చారన్నావు కదా. తలుపులు తీశారా లేదా, అది చెప్పు."