గోనెపట్టా మడత

బొమ్మా? గొరిల్లా చేతికి గుడ్డబొమ్మ ఇచ్చి, బిడ్డని ఎత్తుకోవడం నేర్పిస్తున్నారా! అబ్బబ్బా, ఏం తెలివి, ఏం తెలివి! తలకిందులుగా పట్టుకుంటే ఏం చేస్తారు, మార్కులు తగ్గిస్తారా? ఆ, నవ్వకు. నవ్వడానికి చెప్పట్లేదు.

ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతోంది. ఇలా మంచం మీద కూర్చో. జూ డాక్టరమ్మవి, పని మానుకుని నా కోసం వచ్చావు, కింద పడితే ఆ పేరు నాకొస్తుంది. ఫోను అక్కడే పెట్టు. రికార్డు అవుతోందా? అవనీ. నాకూ అదే మంచిది. నా బుర్రని నమ్మడానికి లేదు ఈమధ్య. ఆ డబ్బాల మీద చీటీలు చూశావుగా? ఉప్పు, పంచదార, సబ్బుపొడి. మా చెల్లెలు అంటించింది, టీలో సబ్బుపొడి వేశానని. వేశానో లేదో నాకు గుర్తులేదు కాబట్టి దాని మాటే నిజం!

ఏమన్నావు? మా రోజుల్లో ఎలా చూసుకునేవాళ్ళమనా?

చూసుకోవడం ఏమిటమ్మా, కడగడం! గొరిల్లాని పెంచడం అంటే గది కడగడం, అంతే. గోడలకీ నేలకీ తెల్ల పలకలు, ఒకవైపు ఇనప ఊచలు, మధ్యలో నీళ్ళు పోవడానికి తూము. శవాల గది కాస్త నయం. గడ్డి వెయ్యకూడదు, గడ్డిలో క్రిములుంటాయట. కొమ్మలు వెయ్యకూడదు, ఆకులు తూముకి అడ్డం పడతాయట. మా సూపరింటెండెంటు ఉండేవాడులే, మహానుభావుడు! గోడ మీద వేలు రాసి, ఆ వేలు తెచ్చి నా ముక్కు ముందు పెట్టేవాడు. పొద్దున పైపుతో నీళ్ళు కొట్టు, సాయంత్రం పైపుతో నీళ్ళు కొట్టు. పక్క గదిలోకి పోవడం ఆలస్యమైతే వాటి మీదే కొట్టు. మూలకి చేరి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చునేవి.

తిండా? బ్రెడ్డు, పాలు, ఉడికించిన గుడ్లు. మాంసం కూడా! ఆకులు నమిలే జీవానికి మాంసం! ‘ఇంత ఒళ్ళుంది, బలమైన తిండి పడాలి’ అన్నాడు ఆ పెద్దమనిషి. చూడ్డానికొచ్చిన జనం విసిరే బిస్కెట్లు సరేసరి. తిన్నది కక్కేవి, కక్కింది మళ్ళీ తినేవి. మేం జబ్బనుకుని మందులు పోశాం. జబ్బు కాదు తల్లీ, పొద్దుపోక! రోజంతా చెయ్యడానికి ఇంకేం లేక!

అలాగని మీరేదో ఉద్ధరిస్తున్నారని కాదు. కొమ్మల్లో పళ్ళు దాచి వెతుక్కోమంటారట. చెక్కపెట్టెకి చిల్లులు పెట్టి, పుల్లతో గింజలు లాక్కోమంటారట. ఈల వేస్తే భుజం ఊచలకి ఆనించి సూది వేయించుకుంటుందట, పొట్ట చూపిస్తుందట. బాగానే ఉంది. కానీ అన్నిటికీ ఓ కాగితం, కాగితం నిండా గళ్ళు. ‘ఈ వారం ఉల్లాసంగా ఉంది’ అని ఓ టిక్కు. ఉల్లాసం ఎక్కడ కనపడింది మీకు, మోకాలి దగ్గరా?

సరేగానీ, నీ సంచిలో ఉన్న ఆ పాత కాగితం తియ్యి. దాని కోసమేగా వచ్చావు, నా యోగక్షేమాలు కనుక్కోవడానికి కాదుగా.

ఆ, ఇదే. ‘పుట్టిన మూడవ రోజున తల్లి బిడ్డను నేలపై విసిరివేసినది. బిడ్డను వేరు చేయడమైనది.’ నా చేతిరాతే. గుండ్రంగా ఎంత ముచ్చటగా ఉందో చూడు!

ఆ బిడ్డే ఇవాళ మీ దగ్గర కడుపుతో ఉంది. బోర్డు మీద నోరు తిరగని పేరేదో రాశారట. నేను మాత్రం ముద్ద అన్నాను. పుట్టినప్పుడు నల్లటి ముద్దలా ఉండేది.

వాళ్ళమ్మ విసిరేసింది గనక ఇదీ విసిరేస్తుందంటున్నారా మీ పెద్దలు? పుట్టగానే లాగేసి సీసాపాలు పడతారా? ఎప్పుడు తేలుస్తారు? సోమవారమా! ఇంత చదువుకుని, నాలాంటిదాని రాతని నమ్ముకుని కూర్చున్నారా!

ఫోను ఆగిపోలేదుగా? సరే, విను.

ఆ పొద్దున తల్లినీ బిడ్డనీ పక్క గదిలోకి తోలి, ఈ గది కడిగి, గోనెపట్టాతో తుడిచి, మళ్ళీ తలుపు తీశాను. పట్టా లోపలే మర్చిపోయాను. నలభై కూడా రాలేదు నాకు, అప్పుడే మరుపు! అంతకుముందు ఒకామె చీపురు మర్చిపోతే ఆ సాయంత్రమే సూపరింటెండెంటు పనిలోంచి తీసేశాడు.

ఊచల్లోంచి చూశాను. తల్లి ఆ పట్టా తీసుకుంది. దులిపింది. రెండు మడతలు వేసింది. ఆ చల్లటి పలకల మీద పరిచి, దాని మీద బిడ్డని పడుకోబెట్టింది. ఎలాగనుకున్నావు? తల కింద అరచెయ్యి ఉంచి, ఆ చెయ్యి మెల్లిగా, మెల్లిగా లాక్కుంది. నీళ్ళ కోసం నాలుగడుగులు వేసింది. మూడు రోజుల్లో మొదటిసారి పాపం దాని చేతులు ఖాళీ అయ్యాయి.

వసారాలో ఆయన బూట్ల చప్పుడు.

కొక్కెం కర్ర పెట్టి లాగేశాను పట్టాని. బిడ్డ దొర్లి, తూము పక్కన పలక మీద పడి కెవ్వుమంది. తల్లి ఒక్క గంతులో వచ్చి ఎత్తుకుంది. పట్టా నా వీపుకీ గోడకీ మధ్య నొక్కి పట్టుకున్నాను.

‘ఏమైంది?’ అన్నాడు.

‘విసిరేసింది సార్’ అన్నాను.

అంతే. ఇంకో ప్రశ్న లేదు! బోనులో పుట్టిన గొరిల్లాలకి పిల్లల్ని పెంచడం రాదని ఆయన ముందే తీర్మానించుకుని ఉన్నాడుగా. తల్లికి మత్తుసూది వేశారు. మత్తులో కూడా వదల్లేదు. వేళ్ళు విప్పడానికి ఇద్దరు పట్టారు. కాదు, ముగ్గురు. ఇద్దరా, ముగ్గురా... చూశావా, అది పోయింది అప్పుడే.

కళ్ళారా చూసినదాన్ని కదా, బిడ్డని నాకే అప్పగించారు. చీపురు పోయి తెల్లకోటు వచ్చింది. గౌను తొడిగాను, లంగోటీలు కట్టాను, అద్దం వెనక కూర్చుని పాలు పట్టాను. జనం బారులు కట్టారు. ముద్దకి ఇంకో గొరిల్లా చెయ్యి తగలడానికి ఏడేళ్ళు పట్టింది. పేపర్లో మా ఫొటో, కింద ‘గొరిల్లాకి అమ్మ’ అని. అదిగో గోడ మీద. సిగ్గులేకుండా ఇన్నేళ్ళూ దుమ్ము దులుపుతూనే ఉన్నాను.

తల్లా? తూము పక్కన ఆ పలకని అరచేత్తో నిమురుతూ కూర్చునేదట. పైపుతో నీళ్ళు కొట్టినా కదిలేది కాదట. నా తర్వాత గది కడగడానికి వచ్చినామె చెప్పింది. నేను చూడ్డానికి వెళ్ళలేదు. తెల్లకోటు వేసుకున్నాక అటు పనేముంటుంది?

ఇప్పుడెందుకు చెప్తున్నాననా? మంచిదాన్నై కాదులే, అంత గొప్ప అంటగట్టకు. ముప్ఫై ఏళ్ళుగా అడిగినవాళ్ళందరికీ విసిరేసిందనే చెప్పాను. మొన్న మధ్యాహ్నం ఇక్కడే నడుం వాల్చితే, కనపడింది. తల్లి చెయ్యెత్తి బిడ్డని విసరడం! ఎంత స్పష్టంగా! జరగనిది కళ్ళకి కడుతోంది, జరిగింది జారిపోతోంది. ఆ మడత ఎన్నాళ్ళుంటుందో నా దగ్గర?

బొమ్మని అవతల పారేసి, ముద్దకి ఓ గోనెపట్టా ఇవ్వండి. మడత పెడుతుందా అంటే నాకేం తెలుసు! పెట్టి చూపించాల్సిన తల్లి చేతుల్లోంచి దాన్ని నేనేగా లాగేయించాను. పెట్టలేకపోతే ఆ తప్పు వాళ్ళమ్మది కాదు. అది మాత్రం రాసుకో.

ఏదీ, ఆ ఫోను ఓసారి వినిపించు. విని, కాగితం మీద సంతకం పెడతాను. ఇవాళే. మళ్ళీ రేపొస్తానంటావేమిటి? రేపొచ్చావంటే, డాక్టరమ్మా, తల్లే విసిరేసిందని చెప్తాను. ఒట్టేసి మరీ చెప్తాను.