ఎర్రని బుడిపెలు

వారం తరువాత ఊరి నుంచి వచ్చిన ఆడపడుచు డాబా ఎక్కి చూస్తే, తన పరిశోధన కోసం పెంచుతున్న పన్నెండు చిక్కుడు తొట్లలో ఒకటి ఖాళీగా ఉంది. పక్కనే వదిన చాకు పట్టుకుని నిలబడింది.

“ఏం చేశావు వదినా?”

“కోప్పడకమ్మా. ఆకులు పాలిపోతుంటే పీకి చూశాను. వేర్ల నిండా కురుపుల్లా బుడిపెలు. తెగులనుకుని గోకేశాను. లోపల రక్తంలా ఎర్రగా ఉన్నాయి.”

“అయ్యో, ఆ ఎరుపే ఆరోగ్యం! వాటిలోని సూక్ష్మజీవులు మొక్కకు నత్రజని అందిస్తాయి, మొక్క వాటికి చక్కెర పెడుతుంది.”

“మీ అన్నయ్యా నేనూ కూడా అంత సఖ్యంగా లేమే! కానీ కొన్ని బోలుగా ఉన్నాయి. ఒకదాంట్లో తెల్లటి పురుగు కదిలింది.”

“కాళ్లు లేకుండా, గోధుమరంగు తలతోనా?”

“ఊఁ. అలా చూడకు, భయమేస్తోంది.”

“అది ఆ బుడిపెలు తినే బతుకుతుంది. తరతరాలుగా మొక్క వాటిని పెంచడం నేర్చుకుంటే, అది వాటిని వెతుక్కోవడం నేర్చుకుంది. ఈ చిక్కుడు రకం ఇంకెక్కడా లేదు వదినా. ఈ పన్నెండే, ఇప్పుడు పదకొండు. ఆ పురుగు గుడ్లు, పిల్లలు మట్టిలోనే ఉంటాయి. ఆ తొట్టిలో మట్టి ఏది?”

“బంగారంలాంటి మట్టి కదా అని...”

“అని?”

“మిగతా తొట్లన్నిటికీ తలా గుప్పెడు వేశాను. ఇందాకే నీళ్లు కూడా పోశాను.”