హారన్ కోసం విప్పితే

బాడీ రిపేరు షెడ్డులో, పాత కారు పక్కన, చంకలో పాపతో చెల్లెలు. చేతిలో పానాతో అన్నయ్య.

"లాయరమ్మ ఇంకా ఏమంది?"

"ముందు నోటీసు పంపుదామంది. కదలకపోతే కోర్టు. కావాలని దాచి అమ్మాడని తేలితే మోసం కింద పోలీసులకి కూడా చెప్పొచ్చంట."

"పోలీసులెందుకే. బ్యాంకులో పనిచేసే పెద్దమనిషి."

"పెద్దమనిషే. స్టీరింగులో ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట గుడ్డపీలికలు కుక్కి అమ్మాడు."

"అసలు వేరే షెడ్డుకి ఎందుకు తీసుకెళ్ళావు? నా దగ్గరికి తేవచ్చుగా."

"నీ షెడ్డు మూసుంది. హారన్ మోగని బండిలో పాపని ఎక్కించుకుని ఎట్లా తిరగను?"

"ఎవడు, ఆ మూలమీదోడా? వాడికి చక్రం గుండ్రంగా ఉంటుందని కూడా తెలీదు."

"స్టీరింగు విప్పడం తెలుసు. బానెట్ కింద అతుకులు కూడా చూపించాడు. ఇది గట్టిగా గుద్దుకున్న బండి, నీకెవరూ చెప్పలేదా అమ్మా అన్నాడు."

"చెల్లీ, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టావు. అయిపోయింది."

"అదీ అడిగా. చదవకుండా ఎందుకు పెట్టావంది. తొమ్మిదిలోనే బడి మాన్పించారండీ, మా అన్నయ్యే చదివి, సంతకం పెట్టమన్నాడు, పెట్టానన్నా."

"దానికేమంది?"

"తెలిసి దాచిన దానికి ఆ సంతకం అడ్డం రాదంది. ఆయనకి తెలుసని మాత్రం మనం చూపించాలంట."

"చూపించలేవు. వదిలెయ్. రేపే కొత్త ఎయిర్‌బ్యాగ్ బిగిస్తా, డబ్బులు కూడా వద్దు."

"నువ్వెందుకు పెట్టుకోవాలి?"

"చెల్లెలివి కాదూ."

"బ్యాంకాయనకి ఫోన్ చేశా."

"ఎవరికి? నాకు చెప్పకుండా ఎందుకు చేశావు?"

"చేస్తే ఏం?"

"ఏం లేదు. ఏమన్నాడు?"

"మీ అన్నయ్యకి తెలియనిది ఏముందమ్మా, గుద్దిన బండిని బాగుచేసిందే ఆయన కదా అన్నాడు."

"పాపని అటు తిప్పు, దుమ్ము పడుతోంది."

"మాట మార్చకు."

"ఆ... చేశా. నేనే చేశా. వంగిన చోటల్లా నా చేతులతోనే లాగి సరిచేశా. నువ్వు ఎక్కే బండి అని మూడు రోజులు ఇంకొకణ్ణి ముట్టుకోనివ్వలేదు."

"ఆయన దాచమన్నాడా?"

"లేదు. నీకు చెప్తానన్నాడు. నేనే వద్దన్నా. చెప్తే కొంటావా నువ్వు? వానలో పాపనెత్తుకుని బస్సు కోసం పరిగెడుతుంటే చూడలేకపోయా."

"ఎయిర్‌బ్యాగ్?"

"దొరకలేదు. దొరికాక పెడదామనుకున్నా. తర్వాత... ఏదో పనిలో పడి..."

"ఎనిమిది నెలలు పనిలో పడ్డావా? నేను స్టీరింగుకి కొట్టుకుని పోతే వెనక సీట్లో ఇది ఏమైపోవాలి?"

"అట్లా అనకే."

"ఆ పీలికలు ఏంటో చూశావా కుక్కేటప్పుడు?"

"ఏవో పాత గుడ్డలు. చేతికందినవి."

"పాప దుప్పటి. పసుపు బాతుల బొమ్మలది. చిన్నదైపోయిందని నేనే చించి, చేతులు తుడుచుకోడానికి నీకు తెచ్చిచ్చా. మూలమీదాయన బయటికి లాగుతుంటే ఒక్కో బాతూ వస్తోంది."

"మరి చూసిన రోజే అడగొచ్చుగా."

"నీ షెడ్డులోంచి ఎవరో పట్టుకుపోయి ఉంటారనుకున్నా. రెండు రోజులు అదే అనుకున్నా."

"తప్పయిపోయింది. సరేనా? ఆ బ్యాంకాయన రేపు లాయరమ్మ ముందు నా పేరు చెప్తే నా షెడ్డుకి ఎవడైనా వస్తాడా? ఇంకోసారి ఫోన్ చేసి నువ్వే ఎట్లాగో..."

"ఆయనకి నేను ఫోనే చెయ్యలేదన్నయ్యా. 'నేను కాదు' అని నువ్వు ఒక్క మాటంటే నమ్మేద్దామని వచ్చా."