తెప్ప ఒడ్డెక్కేదాకా

పొద్దున చక్కెర జబ్బుకు ఇన్సులిన్ సూది వేయించుకుని పోయిన కామమ్మ, మధ్యాహ్నం రేవులో కళ్ళు తిరిగి పడిపోయింది. జనం ఆసుపత్రికి మోసుకొచ్చేసరికి నర్సు స్టవ్వు మీద సూదులు ఉడకబెడుతూ ఉంది.

"చక్కెర నీళ్ళు. తాగు."

"తీపి ముట్టొద్దని మీరేగదమ్మా చెప్పినారు."

"ఇప్పుడు నేనే తాగమంటున్నా. సూది వేసిన అరగంటకు తినమన్నానా, లేదా?"

"అన్నారు. ఆయన తెప్ప ఇంకా ఒడ్డెక్కలేదు. మనిషి నీళ్ళ మీద ఉండంగా నేనెట్ట తింటాను? మా ఇళ్ళల్లో ఎవురూ తినరు."

"రోజూ ఇంతేనా?"

"రోజూ పొద్దెక్కకముందే వచ్చేస్తాడు. ఈపొద్దు గాలి ఎదురు తిరిగింది."

"ఇది తిండి కాదు, మందు. మందుకు పట్టింపు లేదుగదా?"

కామమ్మ గ్లాసు అందుకుని తాగింది.

"నెలరోజులుగా వస్తున్నావే. ఈ మాట ఒక్కనాడన్నా చెప్పాలని తోచలేదా నీకు?"

"ఏం తిన్నావని రోజూ అడిగినారు. ఎప్పుడు తిన్నావని అడిగితేగదా చెప్పేది."

తిట్టడానికి నోరు తెరిచిన నర్సుకు, ఎవరిని తిట్టాలో తెలియలేదు.

"రేపట్నుంచి తెప్ప ఒడ్డెక్కినాకనే రా. సూది అప్పుడే వేస్తాను."

కామమ్మ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది.

"ముందు ఈపొద్దుది రానీండమ్మా."