వాన నిలిపే పేరు

సాయంత్రం ఆరు దాటింది. నాలుగింటికి పట్టుకున్న వాన ఇంకా వదల్లేదు.

బొమ్మనహళ్ళిలో మునిస్వామి టీ అంగడి రేకుల మీద గులకరాళ్ళు కుమ్మరిస్తున్నట్టు చప్పుడు. హోసూరు రోడ్డు కనబడే మూలన అంజినమ్మ నిలబడి ఉంది. బెంచీ మీద చోటుంది. కూర్చోలేదు.

పొద్దున చిక్కపేటకు పోయిన ముగ్గురు తిరిగి రాలేదు. కూతురు సహన, కొడుకు గణేశ్, మిషను కుట్టే ఓబులమ్మ. గణేశ్ సరుకుల ఆటోలోనే పోయారు. వాన పట్టిన కాసేపటికే ముగ్గురి ఫోన్లూ మూగబోయాయి. పోయిన వానాకాలం ఇట్లాంటి వానలోనే గణేశ్ రోడ్డనుకుని మోరీలో కాలు పెట్టి, చెయ్యి విరిగి ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి చినుకు పడితే అంజినమ్మ చేతులు నిలవవు. ఇప్పుడు కొంగు చివర మెలిపెడుతున్నాయి.

ఆమె ఇన్నేళ్ళూ గార్మెంట్స్‌లో పరాయి పేర్లు కుట్టింది. కాలరు వెనకాల ఎవరి లేబులు పెట్టమంటే వాళ్ళది. ఈ ఏడు టీ అంగడి పక్కనే, ఇంటి మేడ మీద గదిలో సొంతంగా చీర లోపలి లంగాలు కుట్టిస్తోంది. నాడా దగ్గరి కుట్టును రెండు చేతులా లాగి చూసి, "గట్టి" అన్నాకే కట్టలో పెడుతుంది. సరుకు బాగుంది. పేరే లేదు. పేరు లేని సరుకును చిక్కపేట అంగళ్ళవాళ్ళు కింది అరలో పడేస్తారు. అందుకే లేబుళ్ళు అచ్చు వేయించడానికి ముగ్గురినీ పంపింది. పేరు ఫోనులో చెబుతానంది.

ఆ పేరుకు అడ్డం పడిన మనిషి బెంచీ నడిమధ్యన కూర్చుని టీ తాగుతున్నాడు. వెంకటగిరియప్ప. ఒకప్పుడు అంగళ్ళకు బోర్డులు రాసేవాడు, ఇప్పుడు ఫ్లెక్సులు వేస్తాడు. "తొందరపడొద్దమ్మా, పేరంటే సుమ్మనే, ఊరికే వచ్చేదా? సాయంత్రానికి పుట్టిస్తా" అన్నాడు పొద్దున. సహన రెండుసార్లు ఫోను చేసింది, "పేరు చెప్పమ్మా, అచ్చాయన కాచుకోని ఉండాడు" అని. "ఉండవే, అన్న ఆలోచిస్తాండాడు" అంది అంజినమ్మ రెండుసార్లూ. పొద్దున్నే ఏదో ఒకటి చెప్పుంటే వానకు ముందే ఇల్లు చేరేవాళ్ళు. ఆ లెక్కే ఆమె మళ్ళీ మళ్ళీ వేసుకుంటోంది.

"పేరు గురించి మీకేం తెలుసప్పా," అన్నాడు వెంకటగిరియప్ప గ్లాసు పక్కన పెట్టి. "పేర్లు మూడు జాతులు. సరుకేందో మొగమ్మీద చెప్పేసేది డిస్క్రిప్టివ్. కన్ను గీటి ఊరుకునేది సజెస్టివ్. అర్థమే లేకుండా మనం కనేది కాయిన్డ్. ఈ మూడోది కనడం అందరివల్లా కాదు. ఆ మూలన ఇడ్లీ బండి చెన్నయ్య ఉండాడు కదా, ఈగలు తోలుకుంటా కూర్చోనుండె. నేనొక పేరు రాసిస్తి. మర్నాడు పొద్దున వరస!"

"నిజమేలే," అంది పూలబుట్టకు ప్లాస్టిక్ కవరు కప్పుకుంటూ అక్కయమ్మ. "ఆ పొద్దు పక్క హోటలు మూసిరి."

"హోటలు మూసిందీ పేరు దెబ్బకే! విను. ఆ సుద్ది కోరమంగలదాకా పాకింది. అక్కడొక అద్దాల ఆఫీసు. పేర్లు పెట్టడమే వాళ్ళ పని, ఇంగేమీ చెయ్యరు. గోడ నిండా పసుప్పచ్చ చీటీలు అంటించుకోని, దోమల చుట్టకు పేరు కావాలని ఆరునెల్ల నుంచి తలలు పట్టుకోనుండారు. నేను నిచ్చెనెక్కి వాళ్ళ బోర్డు బిగిస్తాండా. పైనుంచే ఒక మాటన్నా. గది నిశ్శబ్దం. వాళ్ళలో పెద్దామె కళ్ళనీళ్ళు పెట్టుకోని, 'సార్, దిగండి' అనె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిచ్చెన దిగినావు," అన్నాడు మునిస్వామి పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"దిగితిని. ఆ పేరుతో చుట్టలు బజారుకొచ్చె. ముట్టించే పనే లేదప్పా! డబ్బా మీది పేరు పైకి చదివితే చాలు, దోమలు గుంపుగా లేచి తమిళనాడు దావ పట్టె. ఇంగ చుట్టలెవరు కొంటారు? ఇంటికొకరు పేరు నేర్చుకోని, సందేళ గడపలో నిలబడి అరిచేది. కంపెనీ మూతపడె. పేరు మరీ బలమైతే అదీ కష్టమేనప్పా."

అక్కయమ్మ మోచేతి మీద చప్పున కొట్టుకుంది. "ఆ పేరొకసారి అనప్పా, పుణ్యముంటాది. ఈడ రక్తం తాగేస్తాండాయి."

"అనకూడదు. ట్రేడ్‌మార్కు. అంటే లోపలేస్తారు."

బెంచీ నవ్వింది. అంజినమ్మ నవ్వలేదు. రోడ్డు మీద రెండు దీపాలు దగ్గరైతే మెడ ముందుకు చాచింది. కారు. పోయింది.

"అంజినమ్మా, దిగులెందుకు? నీ లంగాలకూ పుట్టించేసినా. వెల్జోరా! ఎట్లుండాది?"

"జొరం బిళ్ళ పేరు మాదిరి ఉండాది," అన్నాడు మునిస్వామి.

"నీ మొగం. అర్థం లేకపోవడమే దాని బలం." వెంకటగిరియప్ప కాళ్ళు పైకి లాక్కున్నాడు. అంగడిలోకి నీళ్ళు పాకుతున్నాయి. "ఇదంతా ఏముందిలే, గొడుగు కథ వినండి. ఒక గొడుగుల కంపెనీ ఓనరు మా ఇంటికే వచ్చె. 'అప్పా, మా గొడుగు పేరు వింటే జనం కొనాల' అనె. నేనంటిని, 'జనం సంగతి చిన్నది, వానే వినేట్టు పెడతా' అని. మూడు రోజులు అన్నం ముట్టలే. నాలుగోనాడు పేరు పుట్టె. గొడుగు మీద ఇంతింత అక్షరాలు రాసి మెజెస్టిక్ బస్టాండులో, జోరువానలో తెరిస్తిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన నిలిచిపాయె! చినుకులు గాల్లోనే, ఎక్కడివక్కడ, దండకు గుచ్చిన మల్లెమొగ్గల్లా! ఆకాశంలో మోడం కిందికి వంగి పేరు చదువుకోని, తప్పయిందన్నట్టు పక్కకు జరిగె."

"కన్నడంలో రాసింటివా, తెలుగులోనా?" అన్నాడు మునిస్వామి. "మోడానికి ఏది వస్తాది?"

"రెండూ వస్తాయి, మనలాగే. ఇంగ చూడు, ఊరంతా ఆ గొడుగులే. వానలు బందు. ఆనేకల్ రైతులు ట్రాక్టర్లు కట్టుకోని వచ్చి నా వాకిట్లో కూర్చోని ఏడ్చిరి, 'రాగి పైరు ఎండిపోతాండాది, నీ పేరు వెనక్కి తీసుకో సామీ' అని. ఆఫీసర్లు వచ్చిరి. సరేలే పాపమని, చివర ఒక అక్షరం కొట్టేస్తిని. అప్పట్నుంచే మళ్ళీ వానలు. ఈ పొద్దు పడతాండే వాన గూడా నేను వదిలిందే అనుకోండి!"

బెంచీ మళ్ళీ నవ్వబోయింది. అంజినమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పి ఆయన వైపు చూసింది. ఇంతసేపటికి మొదటిసారి నోరు తెరిచింది.

"అక్షరం కొట్టెయ్యని గొడుగు, ఆ మొదటిది, ఉండాదా అన్నా?"

"ఉండాది లేమ్మా, బీరువాలో. జ్ఞాపకానికి."

"తీసుకరా. సిల్క్‌బోర్డు సర్కిలు కాడ నీళ్ళు నిలిచినాయంట. అక్కడ తెరువు. నా బిడ్డలు ఆ దావలోనే ఉండారు."

ఎవరూ నవ్వలేదు. మునిస్వామి స్టవ్ మంట తగ్గించాడు. వెంకటగిరియప్ప గ్లాసులోకి చూశాడు. అడుగున ఏమీ లేదు.

"అది… పాతదైపాయె అంజినమ్మా."

"సరే. నేను పోతాండా."

మూలనున్న గోనెసంచిని ముసుగులా కొప్పెర మడిచి నెత్తిన వేసుకుంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మోకాలి కిందిదాకా వచ్చిన నీళ్ళలోకి కాలు పెట్టింది. రెండో అడుగు వేసేలోగా వెంకటగిరియప్ప బెంచీ దిగి భుజం పట్టుకున్నాడు.

"నువ్వుండమ్మా. వాళ్ళొస్తే నువ్వు కనబడాల. నేను పోతా."

మునిస్వామిది ఒక గొడుగుంటే తీసుకున్నాడు. నల్లది, రెండు పుల్లలు విరిగింది, ఏ పేరూ లేనిది. తెరిచాడు. వాన నిలవలేదు. ఆయన పోయాడు.

అంజినమ్మ గోనెసంచితోనే నిలబడింది. అక్కయమ్మ వచ్చి పక్కన నిలబడింది.

చాలాసేపటికి ఒంటి దీపంతో ఆటో వచ్చింది. తనంతట నడిచి కాదు, ముగ్గురూ తోస్తుంటే. హాండిలు దగ్గర గణేశ్, వెనకాల ఓబులమ్మ, సహన. తలనుంచి కాలిదాకా తడిసి ముద్దలు. రూపేన అగ్రహారం దగ్గర ఇంజన్లోకి నీళ్ళు పోయాయట. ఫోన్లూ తడిసిపోయాయట.

అంజినమ్మ గణేశ్ చెయ్యి పట్టుకుని భుజం నుంచి వేళ్ళదాకా తడిమింది. "ఏం కాలేదు లేమ్మా," అన్నాడు వాడు.

సహన జాకెట్టు లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో తెల్ల రిబ్బను చుట్ట. "అంగట్లోకి నీళ్ళొచ్చేసె. అచ్చాయన షట్టరు సగం దింపి, పేరు చెప్తావా, పోతావా అనె. చెప్పేస్తి. నువ్వు తిట్టినా సరే."

అంజినమ్మ రిబ్బను దీపం కిందికి పట్టింది. ఒక పక్క కన్నడం, ఒక పక్క తెలుగు. గట్టి. గట్టి. గట్టి.

"దినమంతా నువ్వనేది అదే కదమ్మా," అంది సహన. "అచ్చాయనకు గూడా విడమరిచే పనిలేకపాయె. కన్నడంలోనూ అదేగా."

అంజినమ్మ రిబ్బను చివర రెండు చేతులా లాగి చూసింది. చుట్టను నడుములో దోపుకుంది.

"పోదాం రామ్మా, చలేస్తాంది," అంది ఓబులమ్మ.

"మీరు మేడెక్కండి. వెంకటగిరియప్పన్న మిమ్మల్ని వెతకను పోయినాడు. ఎదురు పడలేదా?"

లేదన్నారు. ఆమె మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. వాళ్ళూ మేడ ఎక్కలేదు.

గొడుగు తిరగబడి, ఒక చెప్పు పోయి, ఆయన వచ్చేసరికి మునిస్వామి టీ కాచి ఉంచాడు. ముగ్గురినీ చూసి ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. మొహం తుడుచుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"సిల్క్‌బోర్డు కాడ నీళ్ళు ఈడికి!" అని మెడ చూపించాడు. "ఒక బస్సు కొట్టుకోని పోతాంటే ఈ చేత్తో…"

"బురద గీత మోకాలి కాడే ఆగిందే అప్పా," అన్నాడు మునిస్వామి, గ్లాసు అందిస్తూ.

వెంకటగిరియప్ప విననట్టు రిబ్బను అడిగి చూశాడు. పెదవి విరిచాడు. "డిస్క్రిప్టివ్! పచ్చి డిస్క్రిప్టివ్. ట్రేడ్‌మార్కు ఇవ్వరమ్మా దీనికి."

"ఇయ్యకపోనీ," అంది అంజినమ్మ. "రేపట్నుంచి ఇదే కుడతాం."

గోనెసంచి తీసి పిండింది. ఒక్కొక్క వేలు మడిచింది. సహన. గణేశ్. ఓబులమ్మ. నాలుగో వేలు మడుస్తూ, టీ ఊదుకుంటున్న వెంకటగిరియప్ప వైపు చూసింది.

నలుగురూ వచ్చారు.