ఫ్రాన్సు బండి బేరం

గద్వాలలో గాజుల దుకాణం నడిపే తౌసీఫ్, తన పద్నాలుగేళ్ల ఫ్రెంచి కారును అమ్మకానికి పెట్టాడు. మానవపాడు నుంచి హన్మమ్మ చూడటానికి వచ్చింది. తౌసీఫ్ భార్య గజాలా గడపలో నిలబడి ఉంది.

“...గట్ల అనకు పెద్దమ్మా. ఇది ఆగే బండి కాదు. ఫ్రాన్సోళ్లు చేసిన్రు. పెండ్లికొచ్చిన మేనమామ లెక్క, ఒక్కసారి కూసున్నదంటే లేవదు. అంటే... రోడ్డు మీద గట్టిగ కూసుంటది అంటున్న.”

“ఆగనే ఆగదా బిడ్డా?”

“ఆగనే ఆగదు.”

“ఎండకాలం?”

“ఎండకాలం ఇంకా జోరు.”

“చలికి?”

“చలికి జర... ఒక్కరు ఎనుక నుంచి నూకితే అయిపాయె.”

“గంత మంచిదైతే నాకొద్దు. పోయొస్త.”

“ఏంది పెద్దమ్మా, ఎక్కిరిస్తున్నవా?”

“ఎక్కిరియ్యక ఏం చేస్తది? నీ అబద్ధాలు ఆమెకు తెల్వయా? నువ్వు ఆగు పెద్దమ్మా, నేను చెప్త.”

“గజాలా, నువ్వు లోపలికి పో.”

“లోపలికా? పోయిన రంజాన్ల ఆ బండి లోపలికి పోయి బయటికి రాలేకపోతిమి! తలుపులు వాటంతటవే లాకయినయ్. అద్దాలు దిగవు. హారన్ ఆగదు. వనపర్తి బస్టాండ్ కాడ ఊరంత గుమిగూడింది పెద్దమ్మా. ఒక ముసలాయన అద్దంల నుంచి బిస్కెట్ చూపిస్తుండు, కోతులకు చూపినట్టు.”

“గది కంప్యూటర్ తప్పు. ఫ్రాన్సోళ్లకు తలుపుకు గూడ కంప్యూటరే.”

“నాగర్‌కర్నూల్ల మా చెల్లె పెండ్లికని బయలెల్లితిమి. పెండ్లి అయిపోయినంక, మర్నాడు వలీమా దావత్‌కు చేరితిమి. గది గూడ ట్రాక్టరుకు కట్టి గుంజుకొస్తే!”

“బిర్యానీ అయితే దొరికింది గద!”

“జర ఆగున్రి ఇద్దరు. పొద్దుగాల తాళం తిప్పుతే లేస్తదా, లేవదా?”

“లేస్తది!”

“లేవదు.”

“తిప్పి చూపియ్యి బిడ్డా.”

“ఇగో... చూడు... ఇగో... జర దగ్గుతుంది, గంతే. ఇంకోసారి... ఇగో...”

“మంచి మెకానిక్ చెయ్యేస్తే బాగయితదా?”

“ఈయనను కాదు, నన్నడుగు పెద్దమ్మా. మా రియాజ్ అన్న ఉన్నడు, ఉస్తాద్. ఇంజన్ మూత తీసి చూసిండు, మూత పెట్టిండు, చేతులు కడుక్కొని చాయ్ తాగి పోయిండు. సామాను హైదరాబాద్ల గూడ దొరకదంట.”

“అంటే ఎవ్వలతోని గాదా?”

“ఎవ్వలతోని గాదు.”

“హారన్ మోగుతదా?”

“హారన్ మాత్రం ఫస్ట్ క్లాస్... ఏందో పెద్దమ్మా, నీ మొకం చూస్తే నాకు అబద్ధం నోట్లకెళ్లి ఎల్తలేదు. గజాలా చెప్పిందంత నిజమే. ఇది బండి కాదు, బలా, పెద్ద పీడ. నీకు అమ్మితే పాపం తగులుతది. తుక్కుకేస్త.”

“తుక్కుకెందుకేస్తవ్? నేను తీస్కుంట.”

“ఇంతసేపు చెప్పింది ఇనలేదా?”

“ఇన్న. గందుకే తీస్కుంట. లారీల ఎక్కించి మా వాకిట్ల దించు.”

“యా అల్లా! ఎవల కోసం పెద్దమ్మా ఇది?”

“మా ఇంటాయనకు.”

“ఆయన మీద గంత పగేంది నీకు?”

“పగ కాదు బిడ్డా. ముప్పై రెండేండ్లు బస్సు తోలిండు. కోడిపిల్లను గూడ తొక్కలే. పోయిన నెల మా జీపు తీసుకొని సందుల మలిగిండు. పక్కింటి పద్మజ బిడ్డ ముగ్గేస్తుంది. బ్రేక్ ఎయ్యలే. పిల్లే ఎగిరి అరుగెక్కింది. ఎండ కండ్లల కొట్టిందన్నడు.”

“కొడ్తది గద పెద్దమ్మా.”

“ఆ పొద్దు మబ్బు పట్టి ఉండె.”

“అయ్యో, అంటే కండ్లేనా పెద్దమ్మా?”

“దవాఖానకు గుంజుకపోయిన. కంటి నరం ఎండిపోయిందన్నరు. ఇగ చూపు రాదన్నరు. జీపు నేనే అమ్మేసిన. అప్పటి సంది సరిగ తింటలేడు, మాట్లాడతలేడు. ఇంకో బండి కొంటనని కూసున్నడు.”

“కండ్లు కనిపిస్తలేవు, తోలొద్దని చెప్పరాదా పెద్దమ్మా?”

“నా నోట రాదు గజాలా. గా మాట తప్ప ఏదన్న చెప్త. ఇది వాకిట్ల ఉంటే పొద్దుగాల లేసి కడుగుతడు, తుడుస్తడు, కూసోని హారన్ కొడ్తడు. తాళం తిప్పుతడు, లేవదు. ఫ్రాన్సోళ్లను నాలుగు బూతులు తిట్టుకుంట లోపలికొచ్చి చాయ్ తాగుతడు. బండి సరిగ లేదు గానీ, లేకుంటే నేను తోలేటోన్నే అని ఊరంత చెప్పుకుంటడు. చెప్పుకోనీ.”