బిందెలో మొహం

చూడ్డానికి ఎవరూ రాని పాత నగరం. శిథిలమైన కోటగుమ్మం మెట్టు మీద ఇత్తడి బిందె పెట్టి, వదినా మరిదీ ఫోటోలు తీస్తున్నారు.

"వదినా, తెల్లగుడ్డ అడ్డం పెట్టు. బిందెలో నా మొహం కనిపిస్తోంది."

"కనిపించనీ."

"ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు నవ్వుతారు!"

"నవ్వనీ. ఇన్నాళ్లూ గుడ్డ కట్టి శుభ్రంగా తీశాం. ఎవడో ఆ ఫోటోలు ఎత్తుకెళ్లి తనవేనన్నాడు. రుజువు లేదని వెబ్‌సైట్‌వాళ్లు మన దుకాణమే మూసేశారు. రేపు మళ్లీ తెరుస్తున్నాం."

"దానికి ఇంత దూరం రావాలా?"

"ఈ గుమ్మం ఎక్కడుందో వాడు చెప్పలేడు. బిందెలో ఉన్న నీ మొహం తనదని అసలే చెప్పలేడు."

"మళ్లీ దొంగిలిస్తే?"

"దొంగిలించనీ. ఈసారి వాడి దుకాణం మూయిస్తాను. కదలకు."

"ఒక్క నిమిషం ఆగు వదినా, తల దువ్వుకుంటాను."